పీజీ చదువుకు ఇల్లు ఎలా ఎంచుకోవాలి?

పీజీ సీటు ఖాయమైందని తెలిసిన రోజే చాలామంది ఇళ్ల వేట మొదలుపెడతారు. ఫోన్ తెరిచి, తక్కువ అద్దె నుంచి ఎక్కువ అద్దె వరకు వరుసగా పెట్టుకుని ఫొటోలు చూసుకుంటూ పోతారు. అలా మొదలుపెట్టకండి. అద్దె ముఖ్యమే, కానీ దాని సంగతి కాస్త తర్వాత. డిగ్రీలో క్లాసులు ఎక్కువ, సెలవులు ఎక్కువ, చుట్టూ తోడు ఎక్కువ. పీజీలో, అందులోనూ థీసిస్ ఉన్న కోర్సుల్లో, క్లాసులు తగ్గి సొంత పని పెరుగుతుంది. వేసవి సెలవులు పేరుకే ఉంటాయి, చాలామంది థీసిస్ రాసేది ఆ నెలల్లోనే. అప్పుడు మీరు రోజంతా కూర్చునేది మీ గదిలో. ఆ గది ఇరుగ్గా ఉన్నా, పక్క గదిలో గోల ఉన్నా, కోర్సు ముగియకముందే ఖాళీ చేయాల్సి వచ్చినా దెబ్బ పడేది చదువు మీదే. అందుకే ఇల్లు చూడటానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది.

ముందు మీ వారం ఎలా గడుస్తుందో రాసుకోండి

ఒక కాగితం మీద సోమవారం నుంచి ఆదివారం దాకా రాయండి. ఏ రోజు ఎన్నింటికి ఎక్కడ ఉండాలి, ఎన్నింటికి బయటపడతారు, రాత పని ఎక్కడ కూర్చుని చేస్తారు. టైమ్‌టేబుల్ ఇంకా రాకపోతే అదే కోర్సులో ఉన్న సీనియర్‌ని అడగండి. "అక్కడ ఇళ్లు బాగుంటాయా?" అని అడిగితే "బాగానే ఉంటాయి" అంటారు, దాంతో మనకు ఒరిగేదేమీ లేదు. "మొదటి ఏడాది ఎక్కడ ఉన్నారు, అక్కడి నుంచి ఎందుకు మారారు?" అని అడిగి చూడండి. అసలు విషయాలన్నీ అప్పుడు బయటికొస్తాయి.

తర్వాత మీ డిపార్ట్‌మెంట్ ఏ బిల్డింగ్‌లో ఉందో కనుక్కోండి. పెద్ద యూనివర్సిటీలకు ఒకటికి మించి క్యాంపస్‌లుంటాయి. వైద్య విభాగాలు ఆసుపత్రి పక్కన, వ్యవసాయ, పశువైద్య విభాగాలు ఊరి బయట ఉండటం మామూలే. అడ్మిషన్ లెటర్ మీద ఉండేది ఆఫీసు అడ్రస్. దాన్ని నమ్ముకుని మెయిన్ గేటు దగ్గర గది తీసుకుంటే రోజూ ల్యాబ్‌కి గంట ప్రయాణం చేయాల్సి రావచ్చు.

మీ సబ్జెక్టును బట్టి కూడా నిర్ణయం మారిపోతుంది. ల్యాబ్‌లో కణాలు పెంచేవాళ్లకు ఆదివారమైనా వెళ్లి చూసుకోక తప్పదు, మొదలుపెట్టిన ప్రయోగం రాత్రి పదకొండింటికి ముగియొచ్చు. అలాంటివాళ్లు గది చిన్నదైనా సరే దగ్గర్లో ఉండటానికే డబ్బు ఖర్చు పెట్టాలని నా గట్టి అభిప్రాయం. చరిత్రో, సాహిత్యమో, గణితమో చేసేవాళ్ల పని చాలావరకు పుస్తకాలు, ల్యాప్‌టాప్‌తోనే. వారానికి రెండు మూడు రోజులు వెళ్తే చాలనుకుంటే, కాస్త దూరమైనా నిశ్శబ్దంగా, వెలుతురుగా ఉండే గది నయం. ఫీల్డ్‌వర్క్ ఉన్నవాళ్లు నెలల తరబడి ఊళ్లో ఉండరు. ఆ నెలల్లో గదిని వేరేవాళ్లకు ఇచ్చుకోవచ్చా అన్నది వాళ్లకు మొదటి ప్రశ్న. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు ఆఫీసు నుంచి క్లాసుకు వెళ్లే దారి చూసుకోవాలి, ఇల్లు ఆ దారిలో ఉంటే మేలు.

డబ్బు లెక్క

అద్దె అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, చలి దేశమైతే హీటింగ్, బిల్డింగ్ మెయింటెనెన్స్, బట్టలు ఉతికే ఖర్చు, బస్సు పాసు అన్నీ కలిపితేనే నిజమైన అద్దె. జర్మనీలో ఇళ్ల ప్రకటనల్లో రెండు రకాల అద్దె కనిపిస్తుంది. కాల్ట్‌మీటె అంటే గది అద్దె మాత్రమే. వార్మ్‌మీటెలో హీటింగ్, నీళ్లు, నిర్వహణ ఖర్చులు కలుస్తాయి, కరెంటు మాత్రం చాలాసార్లు అందులోనూ ఉండదు. మొదటి అంకె చూసి సంబరపడి వెళ్లినవాళ్లు బిల్లు వచ్చాక కంగారుపడతారు. ఏ ఊరైనా, ఏ దేశమైనా ఓనర్‌ని అడగాల్సింది ఇదే: "ఇందులో ఏమేం కలిసున్నాయి, ఏవి విడిగా కట్టాలి?" జవాబు మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి.

మొదటి నెల మిగతా నెలల్లా ఉండదు. అడ్వాన్సు, మొదటి నెల అద్దె, ఏజెంటు కమిషన్, పరుపు, దుప్పటి, వంట గిన్నెలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. స్టైపెండ్ మీద ఆధారపడేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. బ్యాంకు ఖాతా, రిజిస్ట్రేషన్, సంతకాలు పూర్తయ్యేసరికి మొదటి స్టైపెండ్ ఆలస్యం కావడం చాలాచోట్ల జరిగేదే. రెండు నెలలు స్టైపెండ్ లేకుండా గడిచేంత డబ్బు చేతిలో ఉంటే టెన్షన్ ఉండదు. ఆదాయంలో 30 శాతానికి మించి అద్దెకు పోకూడదని ఒక పాత లెక్క ఉంది. పెద్ద నగరాల్లో విద్యార్థులకు అది కుదరదు. దానికి బదులు, అద్దె, బిల్లులు, ప్రయాణం పోగా తిండికి, పుస్తకాలకు, అకస్మాత్తుగా వచ్చే డాక్టరు ఖర్చుకు ఎంత మిగులుతుందో చూసుకోండి. మిగిలేది చాలకపోతే ఆ ఇల్లు ఎంత నచ్చినా వదిలేయండి.

దూరాన్ని నిమిషాల్లో కొలవండి

మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి ఊరుకోకండి. ఇంటి తలుపు నుంచి మీ డెస్క్ దాకా ఎంతసేపు పడుతుందో, మీరు నిజంగా బయల్దేరే వేళకు చూడండి. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పట్టే దారి ఉదయం తొమ్మిదింటికి నలభై ఐదు కావచ్చు. వెళ్లడానికి 45 నిమిషాలు, రావడానికి 45 నిమిషాలు అంటే రోజుకు గంటన్నర. వారానికి ఐదు రోజులు తిరిగితే ఏడున్నర గంటలు, అంటే దాదాపు ఒక పనిదినం. తక్కువ అద్దె వల్ల మిగిలే డబ్బు ఆ పనిదినానికి సరిపోతుందా అని మిమ్మల్ని మీరు అడగండి. రైల్లో కూర్చుని చదువుకునే వీలుంటే లెక్క కొంత మారుతుంది. రెండు బస్సులు మారుతూ నిలబడి వెళ్లాలంటే ఆ సమయం పోయినట్టే.

ఆఖరి బస్సు ఎన్నింటికి, ఆదివారం ఎన్ని బస్సులు నడుస్తాయి అన్నవి ఇల్లు తీసుకోకముందే తెలుసుకోండి. కుదిరితే ఒకసారి రాత్రి పూట స్టాప్ నుంచి ఇంటిదాకా నడవండి. వీధి దీపాలున్నాయా, తెరిచి ఉన్న దుకాణాలున్నాయా, మలుపు దగ్గర మనుషులు తిరుగుతున్నారా. అమ్మాయిలకే కాదు, అర్ధరాత్రి ల్యాప్‌టాప్ బ్యాగుతో వచ్చే ఎవరికైనా ఇది అవసరం.

హాస్టలా, ఫ్లాటా?

కొత్త ఊరికి, కొత్త దేశానికి వెళ్తుంటే మొదటి ఏడాది యూనివర్సిటీ హాస్టల్ దొరికితే తీసుకోమని చెప్తాను. అద్దె కాస్త ఎక్కువైనా బిల్లుల గొడవ ఉండదు, మోసపోయే భయం తక్కువ, ఏదైనా పాడైతే చెప్పడానికి ఒక ఆఫీసు ఉంటుంది. కానీ రెండు విషయాలు అడగండి. పీజీ వాళ్లకు వేరే బ్లాకు ఉందా? పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య ఉంటూ పరీక్షల తర్వాత వాళ్లు చేసుకునే పార్టీల నడుమ థీసిస్ రాయడం కష్టం. రెండోది, వసతి ఎన్ని నెలలకు? డిగ్రీ విద్యార్థుల క్యాలెండర్ చూసుకుని తొమ్మిది, పది నెలలకే హాస్టల్ ఇచ్చే యూనివర్సిటీలున్నాయి. మీ కోర్సు పన్నెండు నెలలైతే సరిగ్గా థీసిస్ రాసే వేళకు పెట్టె సర్దుకోవాల్సి వస్తుంది.

హాస్టల్ దొరకకపోతే, ఊరు చూడకుండా ఏడాది అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే బదులు రెండు మూడు వారాలకు తాత్కాలికంగా ఎక్కడైనా దిగి, కళ్లతో చూసి తీసుకోవడం మేలు. ఇళ్ల కొరత బాగా ఉన్న ఊళ్లలో మాత్రం ఇలా వెళ్తే ఇరుక్కుపోతారు. అలాంటి ఊరో కాదో యూనివర్సిటీ హౌసింగ్ ఆఫీసుకు మెయిల్ పెడితే చెప్తారు.

భార్యాభర్తలు, పిల్లలతో వెళ్లేవాళ్లు ఫ్యామిలీ క్వార్టర్స్ ఉన్నాయేమో అడ్మిషన్ వచ్చిన వారంలోనే అడిగి పేరు రాయించుకోండి. అవి కొద్దిగానే ఉంటాయి, వరుస పెద్దది. వీల్‌చైర్ వాడేవాళ్లు, దీర్ఘకాలిక అనారోగ్యం ఉన్నవాళ్లు ఆ సంగతి దరఖాస్తులోనే రాయాలి. తర్వాత చెప్తే గది మార్చడం కష్టమవుతుంది.

ఇల్లు చూసేటప్పుడు

ఓనర్ చూపించినవి చూసి తలూపి రాకండి. తలుపు తెరవగానే ఒక్క క్షణం ఆగి వాసన చూడండి. చెమ్మ వాసన వస్తే బీరువా వెనక, కిటికీ మూలల్లో, మంచం కింద గోడ మీద నల్ల మచ్చలున్నాయేమో చూడండి. అక్కడ కొత్తగా రంగు వేసి, మిగతా గోడ పాతగా ఉంటే అనుమానించండి. గాలిలో తేమ 60 శాతం దాటి నిలిచి ఉండే గదుల్లో బూజు పెరుగుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది మంచిది కాదు, పుస్తకాలకూ మంచిది కాదు. కిటికీ పూర్తిగా తెరుచుకుంటుందా, బాత్‌రూమ్‌లో గాలి బయటికి పోయే దారి ఉందా?

బాత్‌రూమ్‌లో షవర్ విప్పి, అదే సమయంలో సింక్ కుళాయి కూడా తిప్పండి. ధార సన్నబడిపోతే నలుగురు ఉండే ఇంట్లో ఉదయం పూట యుద్ధమే. వేడినీళ్లు రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. పరుపు అంచు కుట్లను వేళ్లతో విడదీసి చూడండి. అక్కడ చిన్న చిన్న నల్ల చుక్కలుంటే నల్లులున్నట్టే, ఆ ఇల్లు వద్దు.

మీ టేబుల్ ఎక్కడ పెడతారో ఊహించుకుని అక్కడ నిలబడండి. ప్లగ్ పాయింటు అందుతుందా, పగటి వెలుతురు పడుతుందా, ఆ మూల ఫోన్ సిగ్నల్ వస్తుందా? ఇంటర్నెట్ ఉందంటే ఊరుకోకుండా మీ ఫోన్‌లో వేగం చూడండి. మీ గైడ్‌తో వీడియో కాల్ మాట్లాడుతుండగా మాటిమాటికీ కట్ అయ్యే గదిలో ఏడాది గడపడం నరకం. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా నిలబడి వినండి. పై అంతస్తు అడుగుల చప్పుడు, రోడ్డు హారన్లు, పక్కింటి టీవీ అప్పుడే తెలుస్తాయి. మొదటిసారి పగలు చూస్తే రెండోసారి రాత్రి వెళ్లండి.

గ్యాస్‌తో నడిచే హీటరు, బాయిలరు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా అని తప్పకుండా అడగండి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలారం లేదంటే ఓనర్‌తో పెట్టించుకోండి, లేదా మీరే కొనుక్కోండి. పొగ అలారం, బయటికి వెళ్లడానికి అడ్డులేని దారి, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే తలుపు, ఇవి కూడా అంతే ముఖ్యం.

వేరే దేశంలో ఉండి వీడియోలోనే చూడాల్సి వస్తే ముందే తీసిపెట్టిన వీడియో ఒప్పుకోకండి. లైవ్ కాల్‌లో వీధి పేరు బోర్డు దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా, మెట్లెక్కి మీ గది దాకా నడవమనండి. కుళాయి తిప్పమనండి, కిటికీ తెరవమనండి. కుదరదంటూ సాకులు చెప్పేవాళ్లతో బేరం పెట్టుకోవద్దు. ఇల్లు చూడకముందే డబ్బు పంపమన్నా, చుట్టుపక్కల ఇళ్ల కంటే అద్దె మరీ తక్కువున్నా, "నేను విదేశంలో ఉన్నాను, తాళాలు కొరియర్‌లో పంపిస్తాను" అన్నా అది మోసమనే అనుకోండి. ప్రకటనలోని ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూస్తే అదే గది ఇంకో ఊరి పేరుతో కనిపించడం కొత్తేమీ కాదు.

కలిసి ఉండేవాళ్ల సంగతి

మంచివాళ్లా కాదా అన్నది పది నిమిషాల్లో తెలిసేది కాదు కాబట్టి, అలవాట్లు అడగండి. ఎన్నింటికి పడుకుంటారు, ఇంట్లోంచి పనిచేస్తారా, వారాంతంలో చుట్టాలు, స్నేహితులు వచ్చి ఉంటారా, వంటిల్లు ఎవరు తుడుస్తారు, బిల్లులు ఎవరి పేరున ఉన్నాయి. రాత్రి పనిచేసేవాళ్లు, తెల్లవారుజామున లేచేవాళ్లు పల్చని గోడకు చెరో పక్క ఉంటే ఇద్దరూ మంచివాళ్లయినా గొడవే.

డబ్బుకు సంబంధించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. అందరూ కలిసి ఒకే అగ్రిమెంట్ మీద సంతకం పెడితే, చాలా దేశాల్లో ఒకరు కట్టకుండా వెళ్లిపోయినప్పుడు వాళ్ల వాటా మిగతావాళ్ల మీద పడుతుంది. ఎవరి గదికి వాళ్లు విడిగా సంతకం పెట్టే పద్ధతి ఉంటే అది తీసుకోండి. ఇంగ్లండ్‌లో ఇంకో చిక్కుంది. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక సంస్థ వేసే పన్ను) కట్టక్కర్లేదు. ఒక్కరు ఉద్యోగస్థులు చేరినా ఆ ఇంటికి బిల్లు వస్తుంది. ఆ బిల్లు ఎవరు కట్టాలో చేరకముందే తేల్చుకోండి.

అగ్రిమెంట్ చదవడం

మొదట చివరి తేదీ చూడండి. ఆ తేదీ పక్కన మీ థీసిస్ సమర్పించే తేదీ, వైవా ఉంటే దాని తేదీ రాయండి. థీసిస్ గడువు పొడిగించుకోవాల్సి రావడం మామూలే కాబట్టి ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అయితే నెలవారీగా ఉండనిస్తారా అని అడిగి, ఒప్పుకుంటే అందులోనే రాయించండి. ముందే వెళ్లిపోవాల్సి వస్తే ఎంత నోటీసు ఇవ్వాలి, బదులుగా ఇంకొకరిని తీసుకొస్తే వదిలేస్తారా, అద్దె పెంచితే ఎప్పుడు, ఎంత శాతం? భారతదేశంలో ఏడాదికి మించిన అద్దె ఒప్పందాలకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ అవసరం, అందుకే చాలామంది 11 నెలలకు రాస్తారు. కోర్సు రెండేళ్లయితే మధ్యలో కనీసం ఒకసారి కొత్త అగ్రిమెంట్ తప్పదు. అప్పుడు ఎంత పెంచుతారో ఇప్పుడే కాగితం మీద పెట్టించండి.

అడ్వాన్సు విషయంలో అక్కడి చట్టం తెలుసుకుని మాట్లాడండి. ఇంగ్లండ్‌లో చాలా ప్రైవేటు అద్దె ఇళ్లకు డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు, ఓనర్ దాన్ని 30 రోజుల్లోపు ప్రభుత్వం ఆమోదించిన స్కీములో భద్రపరచాలి. జర్మనీలో మూడు నెలల కాల్ట్‌మీటె దాకా అడగొచ్చు కానీ దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఫ్రాన్స్‌లో విద్యార్థుల్లాంటి వాళ్ల కోసం బై మొబిలిటే అనే ఒప్పందం ఉంది. ఒక నెల నుంచి పది నెలల దాకా ఫర్నిచర్ ఉన్న ఇంటికి రాసుకోవచ్చు, దానికి డిపాజిట్ అడగకూడదు. వసతి కాగితాలు ఇతర పనులకూ కావాల్సి వస్తాయి. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దానికి ఓనర్ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. "ఈ అడ్రస్ మీద నమోదు కుదరదు" అన్న ఓనర్ ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.

అర్థంకాని భాషలో ఉన్న అగ్రిమెంట్ మీద సంతకం పెట్టొద్దు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘమో, హౌసింగ్ ఆఫీసో ఉచితంగా చదివి చెప్తాయి. ఒక్కరోజు ఆగమంటే ఆగని ఓనర్, రేపు కుళాయి పాడైతే ఫోన్ ఎత్తుతాడని అనుకోలేం.

తాళం చేతికొచ్చిన రోజు

సామాను లోపల పెట్టకముందే ఫోన్ తీసి ప్రతి గది వీడియో తీయండి. గోడ మీద గీతలు, విరిగిన హ్యాండిల్, కార్పెట్ మరక, ఫ్రిజ్ లోపల, కరెంటు మీటరు రీడింగ్ అన్నీ. ఆ రోజే ఓనర్‌కు మెయిల్ పెట్టండి, "ఇల్లు తీసుకున్నప్పుడు ఇలా ఉంది" అని. ఖాళీ చేసే రోజున అడ్వాన్సు దగ్గర మాట వస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. రిపేర్లు కూడా ఫోన్లో చెప్పి వదిలేయకుండా మెసేజ్‌లో రాయండి.

క్యాలెండర్‌లో రెండు తేదీలు పెట్టుకోండి. ఒకటి, దిగిన ఆరు వారాలకు. అప్పటికి ప్రయాణం, నిద్ర, ఖర్చు, పని ఎలా సాగుతున్నాయో తెలిసిపోతుంది. బాగాలేకపోతే సెమిస్టర్ మధ్యలోనైనా మారే దారి వెతకడం మొదలుపెట్టొచ్చు. రెండోది, నోటీసు ఇవ్వాల్సిన ఆఖరి తేదీకి మూడు వారాల ముందు. ఆ తేదీ తెలియకుండా దాటిపోతే కొన్నిచోట్ల అగ్రిమెంట్ దానంతట అదే కొనసాగుతుంది. ఉండాలో వెళ్లాలో ఆ మూడు వారాల్లో తేల్చుకుని, ఏదైనా సరే రాతపూర్వకంగా ఓనర్‌కు తెలియజేయండి.